నెట్ వచ్చింది, జేఆర్ఎఫ్ రాలేదు: స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీ సీటు ఎక్కడ వెతకాలి?

కళింగ_కెమిస్ట్
ఉత్తరాంధ్రలో ఒక రాష్ట్ర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేశాను. ఇప్పుడు పైడిభీమవరం వైపు ఒక ఫార్మా కంపెనీలో, క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే విభాగం) షిఫ్టు డ్యూటీలు. సీఎస్ఐఆర్ నెట్‌లో (సైన్సులో లెక్చరర్ అర్హతకీ, పరిశోధన ఫెలోషిప్‌కీ రాసే జాతీయ పరీక్ష) నా నంబరు వచ్చింది కానీ రెండో కేటగిరీలో. అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకీ, పీహెచ్‌డీ అడ్మిషన్‌కీ పనికొస్తుంది. జేఆర్ఎఫ్, అంటే నెలనెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ మాత్రం లేదు.

దగ్గర్లో ఉన్న యూనివర్సిటీలో ఒక సార్‌ని కలిశాను. "చేర్చుకుంటానమ్మా, కానీ స్టైపెండ్ ఏమీ ఉండదు, కెమికల్స్ ఖర్చు కూడా నువ్వే చూసుకోవాలి" అన్నారు. వైజాగ్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో యూరప్‌లో ఫుల్ ఫండింగ్‌తో సీటు గ్యారంటీ అని లక్షన్నర అడుగుతున్నారు. విదేశాల్లో ప్రొఫెసర్లకు మెయిల్స్ పెడుతున్నాను, ఒక్కరూ జవాబివ్వడం లేదు. ఇంట్లో ఉద్యోగం మానేస్తానంటేనే గొడవ. ఇక డబ్బు రాని చదువు అంటే మాట కూడా ఎత్తలేను.

జేఆర్ఎఫ్ లేకుండా నెలనెలా డబ్బొచ్చే పీహెచ్‌డీ సైన్సులో నిజంగా దొరుకుతుందా? దొరికితే ఎక్కడ, ఎలా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

నిశాచరి
ముందు ఆ కన్సల్టెన్సీ నంబరు బ్లాక్ చెయ్యి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

గోదారి_గట్టు
అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని. నా మాట సూటిగా చెబుతాను. జేఆర్ఎఫ్ కోసం నెట్ మళ్లీ రాయి. కెమిస్ట్రీ పేపరు 200 మార్కులకు. పార్ట్ ఏ అందరికీ ఒకటే, 30 మార్కులు, లెక్కలూ లాజిక్కూ. మన పిల్లలు చాలామంది దాన్ని వదిలేసి సబ్జెక్టు మీదే పడతారు. రెండో కేటగిరీలో వచ్చావంటే జేఆర్ఎఫ్‌కి మరీ దూరంలో లేవు.

జేఆర్ఎఫ్ ఉంటే డబ్బు నీ పేరు మీద వస్తుంది, గైడు పేరు మీద కాదు. 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్లయ్యాక కమిటీ చూసి ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలో) చేస్తే 42,000. హాస్టల్ ఇవ్వకపోతే దాని మీద హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం). హైదరాబాద్ అయితే 30 శాతం. పరిశోధన చిల్లర ఖర్చులకు ఏడాదికి 20,000 కంటింజెన్సీ. మొత్తం ఐదేళ్లు. ఫెలోషిప్ చేతిలో ఉన్నవాళ్లని ఏ ల్యాబూ వద్దనదు.

తార్నాక_బెంచి
గోదారి_గట్టు గారూ, చివరి వాక్యం ఒక్కటీ ఒప్పుకోలేను. జేఆర్ఎఫ్ ఉండి కూడా ఇంటర్వ్యూలో వెనక్కి వచ్చినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. ల్యాబులో బెంచీలూ, ఫ్యూమ్‌హుడ్‌లూ లెక్కగానే ఉంటాయి కదా. మిగతాదంతా నిజం.

కళింగ_కెమిస్ట్, నీ అసలు ప్రశ్నకు జవాబు: దొరుకుతుంది. నీలాంటి వాళ్లు చాలామంది చూడని తలుపు ఒకటుంది. ఐఐటీలు, ఐసర్‌లు (కేంద్రం నడిపే సైన్సు విద్యా పరిశోధన సంస్థలు) సొంతంగా ఇన్‌స్టిట్యూట్ ఫెలోషిప్ ఇస్తాయి. నెట్ రెండో కేటగిరీ ఉన్నా, గేట్ (పీజీ, పీహెచ్‌డీ ప్రవేశాలకు రాసే జాతీయ పరీక్ష) స్కోరు ఉన్నా వాటికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటర్వ్యూలో నెగ్గితే అదే 37,000, తర్వాత 42,000. బదులుగా వారంలో కొన్ని గంటలు బీటెక్, ఎమ్మెస్సీ పిల్లల ల్యాబులు చూసుకోవాలి, పేపర్లు దిద్దాలి. ఏడాదికి రెండు సార్లు పిలుస్తారు, మార్చి నుంచి మే మధ్య ఒకసారి, అక్టోబరు, నవంబరుల్లో ఇంకోసారి. మన దగ్గరే ఐఐటీ హైదరాబాద్ కంది దగ్గర ఉంది. ఐఐటీ తిరుపతి, ఐసర్ తిరుపతి రెండూ ఏర్పేడు వైపే.

ఒక్క విషయం జాగ్రత్త. రెండో కేటగిరీ, మూడో కేటగిరీ (పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మాత్రమే) నెట్ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కి ఒక ఏడాదే చెల్లుతుంది. నీ రిజల్ట్ తేదీ చూసుకో.

కళింగ_కెమిస్ట్
ఐఐటీలు జేఆర్ఎఫ్ ఉంటేనే పిలుస్తాయని మా క్లాసులో అందరూ అనుకునేవాళ్లం! నిజంగా రెండో కేటగిరీ చాలా?

తార్నాక_బెంచి
అర్హతకు చాలు. షార్ట్‌లిస్టు మాత్రం ఒక్కో డిపార్ట్‌మెంటు ఒక్కోలా చేస్తుంది. ఎమ్మెస్సీ మార్కులు, గేట్ స్కోరు చూస్తారు, కొన్నిచోట్ల రాత పరీక్ష పెడతారు. అందుకే ఈసారి గేట్ కెమిస్ట్రీ పేపరు కూడా రాయి. ఆగస్టు చివర దరఖాస్తులు మొదలవుతాయి, ఫిబ్రవరిలో పరీక్ష. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. నెట్‌కి చదివిన సిలబస్సే చాలావరకు.

రాగిసంగటి_రీసెర్చర్
ఫిజిక్స్ వాళ్లు ఎవరైనా ఈ పోస్టు చదువుతుంటే: నెట్, గేట్ కాకుండా జెస్ట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయండి. రామన్ ఇన్‌స్టిట్యూట్, ఐయూకా, హరిశ్చంద్ర ఇన్‌స్టిట్యూట్, ఐఎంఎస్సీ లాంటివి ఆ స్కోరుతో ఇంటర్వ్యూకి పిలుస్తాయి. టీఐఎఫ్ఆర్‌కి (టాటా పరిశోధన సంస్థ) సొంత పరీక్ష ఉంది. హైదరాబాద్ గోపనపల్లిలో ఉన్న టీఐఎఫ్ఆర్ క్యాంపస్‌కీ అదే. బయాలజీ వాళ్లకి జేజీబిల్స్ అని ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇక్కడ సీటు వచ్చిందంటే స్టైపెండ్ కూడా వచ్చినట్టే, విడిగా వెతుక్కునే పని లేదు.

సందేహాల_సత్తి
మా తమ్ముడు బీఎస్సీ మూడో సంవత్సరం. వాడూ ఇప్పుడే ఇదంతా మొదలెట్టాలా?

రాగిసంగటి_రీసెర్చర్
జామ్ (బీఎస్సీ తర్వాత రాసే ప్రవేశ పరీక్ష) రాయించు. బెంగళూరు ఐఐఎస్సీలో, ఐసర్‌లలో బీఎస్సీ తర్వాత నేరుగా ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ ఉంది. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి.

రాజా_రిటర్న్స్
అందరూ ఉద్యోగం మానేయమనే చెబుతున్నారు. ఎందుకు? హైదరాబాద్ ఫార్మా ఆర్ అండ్ డీల్లో ఎంతోమంది పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నారు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పార్ట్‌టైమ్‌కి అనుమతి ఉంది, కంపెనీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెస్తే చాలు. జీతం జీతమే, డిగ్రీ డిగ్రీయే. నేను అలాగే చేశాను. స్టైపెండ్ లేదని బాధపడాల్సిన పని లేకపోయింది.

ఓరుగల్లు_ఉయ్యాల
రాజా_రిటర్న్స్ అన్నా, మీరు ఆర్ అండ్ డీల ఉన్నరు కాబట్టి కుదిరింది. మీరు పొద్దున చేసిన రియాక్షనే సాయంత్రం థీసిస్‌ల చాప్టర్. ఈమె క్యూసీల ఉంది. షిఫ్టు మొత్తం హెచ్‌పీఎల్‌సీ (మందులు పరీక్షించే మిషన్) ముందట నిలబడి, అది కాంగనే యూనివర్సిటీకి పోయి సింథసిస్ చెయ్యమంటే మనిషి ఏమైతది?

ఇంకొక మాట. ఫెలోషిప్ లేకుండ ఫుల్‌టైమ్ చేరితే ఏమైతదో నేను చూసిన. నా ఫ్రెండ్ ఒకామె ఒక యూనివర్సిటీల అట్లనే చేరింది. కెమికల్స్ తన పైసలతోని, ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణం తేల్చే పరీక్ష) తీయించుటానికి శాంపిల్‌కి ఇంత అని తన పైసలతోనే. పగలు ల్యాబు, రాత్రి ట్యూషన్లు. ఆఖరికి రిజిస్ట్రేషన్ వదులుకున్నది. ఆమె తెలివికి ఏం తక్కువ లేదు, పైసలే లెవ్వు. పైసలు ఇయ్యని ఫుల్‌టైమ్ పీహెచ్‌డీల ఎవ్వరు చేరొద్దు. కళింగ_కెమిస్ట్, ఆ సార్ మంచోడే కావచ్చు, గని నువ్వు చేరకు.

రాజా_రిటర్న్స్
క్యూసీ సంగతి ఒప్పుకుంటున్నాను. కంపెనీలో ఆర్ అండ్ డీకో, అనలిటికల్ డెవలప్‌మెంట్‌కో మారగలిగితే మాత్రం పార్ట్‌టైమ్ మాట ఆలోచించవచ్చు.

గోదారి_గట్టు
ఓరుగల్లు_ఉయ్యాల చెప్పింది కఠినంగా ఉన్నా సరైన మాట. రాష్ట్ర యూనివర్సిటీల గురించి ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ప్రొఫెసరు దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4, అంతకుమించి స్కాలర్లు ఉండకూడదని యూజీసీ నియమం. మన రెండు రాష్ట్రాల్లోనూ అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. గైడ్లు లేకపోతే సీట్లెక్కడ, ప్రాజెక్టులెక్కడ? ఒకప్పుడు మా డిపార్ట్‌మెంట్లలో ప్రాజెక్టు లేని ప్రొఫెసరు అరుదు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఇది పిల్లల తప్పు కాదు.

ఎల్బే_ఒడ్డున
జర్మనీలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేస్తున్నాను, మాది తెనాలి దగ్గర. రాష్ట్ర యూనివర్సిటీలోనే ఎమ్మెస్సీ. యూరప్ వైపు సంగతి రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందుగా అర్థం చేసుకోవాల్సింది: జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్, డెన్మార్క్, నార్వేల్లో సైన్సు పీహెచ్‌డీ అంటే ఎక్కువగా ఉద్యోగమే. ప్రకటన వస్తుంది, దరఖాస్తు పెడతారు, ఇంటర్వ్యూ, కాంట్రాక్టు, జీతం. అందుకే అక్కడ స్కాలర్‌షిప్ కోసం వెతకకండి, ఖాళీల కోసం వెతకండి. యురాక్సెస్ సైటు, ఒక్కో యూనివర్సిటీ సైటులో ఉద్యోగాల పేజీ, మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థల ఐఎంపీఆర్ఎస్ పీహెచ్‌డీ ప్రోగ్రాములు, డాడ్ (జర్మన్ స్కాలర్‌షిప్ సంస్థ) వాళ్ల డేటాబేస్. ఇవన్నీ ఉచితం. మధ్యలో కన్సల్టెన్సీకి చేయగలిగిన పనే లేదు. ఏ ప్రొఫెసరూ తన ఖాళీని ఏజెంటుకి అప్పగించడు.

జర్మనీలో ప్రకటనలో టీవీ-ఎల్ ఇ13 అని, పక్కన 50 శాతమనో 65 శాతమనో ఉంటుంది. మొదటిది జీతపు స్కేలు, శాతం అందులో వాటా. కెమిస్ట్రీలో సగం పోస్టు మామూలే. సగం పోస్టుకి పన్నులూ ఇన్సూరెన్సూ పోగా చేతికి సుమారు 1,600 యూరోలు వస్తాయి. ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్ రుసుము కొంత కట్టాలి. చిన్న ఊళ్లలో ఇబ్బంది లేకుండా బతకొచ్చు. మ్యూనిక్ అయితే అద్దె చూసుకుని ఒప్పుకోండి.

ఇంకోటి యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లు. ఏ దేశం వాళ్లయినా పెట్టుకోవచ్చు, జీతం బాగుంటుంది. షరతు ఏమిటంటే, చేరే ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. ఇండియాలో ఉన్నవాళ్లకి ఈ షరతు మేలే చేస్తుంది. అక్కడ మాస్టర్స్ చదువుతున్నవాళ్లు చాలామంది ఆ దేశం వరకూ పోటీలో ఉండరు.

కళింగ_కెమిస్ట్
ఎల్బే_ఒడ్డున గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. మరి నా మెయిల్స్‌కి జవాబు ఎందుకు రావడం లేదు? "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి, నా మార్కులు, నెట్ వివరాలు, మీ గ్రూపులో చేరాలని ఆసక్తిగా ఉంది అని రాసి సీవీ జత చేస్తున్నాను.

ఎల్బే_ఒడ్డున
ఆ మెయిలు ఏ ప్రొఫెసరుకైనా పంపొచ్చు కదా? వాళ్లకీ అదే అనిపిస్తుంది. మా బాస్‌కి వచ్చే మెయిల్స్ నేను చూస్తుంటాను. మొదటి రెండు వాక్యాల్లో తన పని గురించి ప్రస్తావన లేకపోతే ఆయన కిందకి కూడా వెళ్లడు. నెట్ అంటే ఏమిటో అక్కడ చాలామందికి తెలియదు. దేశమంతా రాసే పరీక్ష అని ఒక్క ముక్కలో వివరించాలి.

ఆ గ్రూపు ఈమధ్య వేసిన పేపరు ఒకటి నిజంగా చదువు. అందులో నీకు అర్థమైనదీ, ఇంకా చేయొచ్చనిపించినదీ రెండు మూడు వాక్యాల్లో రాయి. తర్వాత నీ చేతికి వచ్చిన పని. నువ్వు క్యూసీని తక్కువగా చూస్తున్నావు. హెచ్‌పీఎల్‌సీ మీద మెథడ్ వ్యాలిడేషన్ చేసిన అనుభవం ఉన్న మనిషిని ఏ అనలిటికల్ గ్రూపైనా రెండోసారి చూస్తుంది. ఆర్గానిక్ సింథసిస్‌కే పరిమితం కాకుండా క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ, పర్యావరణంలో మందుల అవశేషాల మీద పనిచేసే గ్రూపుల్ని కూడా చూడు. చివర్లో ఒకే ప్రశ్న అడుగు: రాబోయే ఏడాదిలో మీ దగ్గర ఫండింగ్ ఉన్న స్థానం ఉందా? సీవీ రెండు పేజీలు మించకూడదు, తండ్రి పేరు, కులం, ఫొటో అక్కర్లేదు.

నిశాచరి
"కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" కూడా తీసెయ్యాలి.

కళింగ_కెమిస్ట్
అది ఉంది 😀 తీసేస్తాను.

గ్లోబల్_డ్రీమ్స్_విజయవాడ
[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్
సీట్లు అమ్మే ప్రకటనలు ఇక్కడ పెట్టొద్దు. మళ్లీ పెడితే ఖాతా తీసేస్తాం.

మిడ్‌వెస్ట్_మావయ్య
అమెరికా మాట ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ కెమిస్ట్రీ పీహెచ్‌డీ అంటే ట్యూషన్ మాఫీ, దాంతోపాటు టీఏగానో (బోధనలో సాయం) ఆర్ఏగానో (పరిశోధనలో సాయం) పనిచేస్తే స్టైపెండ్. మంచి డిపార్ట్‌మెంట్లలో డబ్బు ఇవ్వకుండా పీహెచ్‌డీకి తీసుకోవడం ఉండదు. ఎవరైనా స్టైపెండ్ లేకుండా ఆఫర్ ఇస్తే దాన్ని ఆఫర్ అనుకోవద్దు. కెమిస్ట్రీలో ముందే ప్రొఫెసరు ఒప్పుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు. డిపార్ట్‌మెంటు తీసుకుంటుంది, చేరాక గ్రూపు ఎంచుకోవచ్చు. గడువులు డిసెంబరు మొదటి పదిహేను రోజుల్లో. జీఆర్ఈ పరీక్షని చాలాచోట్ల తీసేశారు. దరఖాస్తు ఫీజు ఒక్కోటి 75 నుంచి 125 డాలర్ల దాకా ఉంటుంది. మాఫీ అడిగితే కొన్ని చోట్ల ఇస్తారు, సిగ్గుపడకుండా మెయిలు పెట్టండి. ఆఫర్లు వచ్చాక జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 దాకా గడువు ఉంటుంది, తొందరపెడితే లొంగొద్దు.

ఎల్బే_ఒడ్డున
మావయ్యా, 2025లో అక్కడ ఏం జరిగిందో కూడా చెప్పండి. ఫెడరల్ పరిశోధన నిధులకు కోత పడి కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కొన్ని ఇచ్చిన ఆఫర్లే వెనక్కి తీసుకున్నాయి. ఫీజులకు డబ్బు పోసే ముందు ఈ అమ్మాయికి అది తెలియాలి.

మిడ్‌వెస్ట్_మావయ్య
నిజమే, దాచను. బయోమెడికల్ వైపు దెబ్బ గట్టిగా తగిలింది. కెమిస్ట్రీలో టీఏ డబ్బు డిపార్ట్‌మెంటుది, బీఎస్ పిల్లలకి ల్యాబులు నడపాలి కాబట్టి అది కొంత నిలబడుతుంది. అయినా అమెరికా ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. నేను చెప్పేది ఏమిటంటే, బాగా ఎంచుకున్న కొద్ది యూనివర్సిటీలకు పెట్టి, మిగతా బలం ఇండియా, యూరప్ మీద పెట్టడం.

థేమ్స్_తెలుగోడు
యూకే గురించి చిన్నది. ప్రకటనలో "హోమ్ ఫీజు మాత్రమే" అని ఉంటే వదిలెయ్యండి. మన ఫీజుకీ వాళ్ల ఫీజుకీ మధ్య తేడా మన జేబులోంచే పోతుంది, అది ఏడాదికి లక్షల్లో ఉంటుంది. యూకేఆర్ఐ (ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ) స్టూడెంట్‌షిప్ అయితే 2021 నుంచి విదేశీయులకూ ఇస్తున్నారు, కానీ వాళ్ల వాటా 30 శాతం దాటకూడదు. 2025-26కి స్టైపెండ్ ఏడాదికి 20,780 పౌండ్లు. "సెల్ఫ్ ఫండెడ్" అని ఉన్నవాటిని అసలు తెరవకండి.

పాలపిట్ట_బయో
మీరంతా పెద్ద పెద్ద దేశాలు తిప్పుతున్నారు. నేను ప్రాజెక్టు జేఆర్ఎఫ్‌గా (ప్రొఫెసరు ప్రాజెక్టు డబ్బుతో ఇచ్చే తాత్కాలిక ఉద్యోగం) చేరి అక్కడే పీహెచ్‌డీకి రిజిస్టరయ్యాను, దాని గురించి ఎవరూ చెప్పలేదు. ఇన్‌స్టిట్యూట్ సైట్లలో ప్రకటనలు నెలనెలా వస్తాయి. హైదరాబాద్‌లోనే ఎన్ని ఉన్నాయో చూడండి: ఐఐసీటీ (కెమిస్ట్రీ), సీసీఎంబీ (బయాలజీ), ఎన్జీఆర్ఐ (భూభౌతికం), సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ), ఎన్ఐఎన్ (పోషకాహారం), సెంట్రల్ యూనివర్సిటీ. తిరుపతి దగ్గర గాదంకిలో ఎన్ఏఆర్ఎల్ ఉంది, వాతావరణం మీద ఆసక్తి ఉన్న ఫిజిక్స్ వాళ్లకి.

తార్నాక_బెంచి
పాలపిట్ట చెప్పింది మంచి దారే. కానీ ఈ దారిలో వెళ్లేవాళ్లు ఇంటర్వ్యూ రోజునే నోరు తెరిచి అడగాలి. ఈ ప్రాజెక్టు ఇంకా ఎన్ని నెలలు ఉంది? పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకుంటారా? ప్రాజెక్టు అయిపోతే స్టైపెండ్ ఎక్కడి నుంచి? చాలా ప్రాజెక్టులు మూడేళ్లవి. అందులో మొదటి ఏడాది అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇంకా రెండేళ్ల డబ్బుతో ఐదేళ్ల పని మొదలుపెడుతున్నట్టు లెక్క. ప్రకటనలో "ప్యూర్లీ టెంపరరీ" అని ఉంటుంది, దాన్ని నమ్మండి.

ఈలోపు నెట్ రాసుకుంటూ జేఆర్ఎఫ్ తెచ్చుకున్నవాళ్లు మా దగ్గర ఉన్నారు. రెండేళ్ల పని, పేపర్లూ ఉన్నవాళ్లకి సీఎస్ఐఆర్ డైరెక్ట్ ఎస్ఆర్ఎఫ్ అనే దారి ఉంది, నోటిఫికేషన్ చూస్తూ ఉండాలి.

పాలపిట్ట_బయో
ఆ ప్రశ్నలు అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనని భయం ఉంటుంది కదా. నేను అడగలేకపోయాను, నా అదృష్టం బాగుండి గైడ్‌కి రెండో ప్రాజెక్టు శాంక్షనైంది.

ఓరుగల్లు_ఉయ్యాల
అడిగితే కోపం వచ్చే గైడ్ దగ్గర ఐదేండ్లు ఎట్ల ఉంటరు? కోపం వస్తే ఆ రోజే తెలిసింది, మంచిదాయె.

గైడ్‌ని అడుగుడే కాదు, ఆ ల్యాబుల చదివే పిల్లలని కూడ అడగాలె. స్టైపెండ్ నెలనెలా పడుతుందా, నెలలు నెలలు ఆగుతదా? ఫెలోషిప్ ఐదేండ్లు అయిపోయినంక థీసిస్ రాసేటప్పుడు ఏం చేసిన్రు? పోయిన బ్యాచ్‌లు ఎన్నేండ్లకు పట్టా తీసుకున్నరు? అడ్మిషన్ పేపర్ల మీద ఇవి రాసి ఉండవు. నేను చేరినంక నాకు పాప పుట్టింది. యూజీసీ నిబంధనల ప్రకారం ఆడవాళ్లకు 240 రోజుల దాక సెలవు, గడువుల రెండేండ్లు అదనం ఉంటదని నాకు ల్యాబుల సీనియర్ అక్కనే చెప్పింది. ఆఫీసుల ఎవ్వరు చెప్పలే.

గోదారి_గట్టు
240 రోజుల సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇలాంటివి చెబితే సగం గొడవలు తగ్గుతాయి.

సందేహాల_సత్తి
ఎస్సీ విద్యార్థులకు విడిగా ఏమైనా ఉన్నాయా? మా వాడి ఫ్రెండ్ అడుగుతున్నాడు.

తార్నాక_బెంచి
ఇండియాలో అయితే నేషనల్ ఫెలోషిప్ ఉంది, ఎస్సీలకీ ఓబీసీలకీ వేర్వేరుగా. జేఆర్ఎఫ్ రేట్లతోనే ఇస్తారు, నెట్ ఆధారంగా. విదేశాలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ వాళ్ల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఏడాదికి 125 మందికి, వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు. ఎస్సీలే కాదు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలూ, సంప్రదాయ చేతివృత్తుల వాళ్లూ అర్హులే. ఈ చివరి మాట మన ఊళ్లలో చాలామందికి తెలియదు, దయచేసి అందరికీ చెప్పండి.

క్యోటో_కుర్రాడు
ఆలస్యంగా వచ్చాను. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ మర్చిపోయారు. ఎంబసీ ద్వారా అయితే వేసవిలో పిలుస్తారు, డాక్టరేట్‌లో నెలకు 1,45,000 యెన్ స్కేలు, ఫీజులేమీ ఉండవు, విమానం టికెట్ వాళ్లదే. ఒకినావాలో ఓఐఎస్‌టీ అనే సైన్సు యూనివర్సిటీ ఉంది. అక్కడ చదువంతా ఇంగ్లీషులోనే, చేరిన ప్రతి ఒక్కరికీ ఫండింగ్.

రాగిసంగటి_రీసెర్చర్
అన్నం సంగతేంటి అక్కడ?

క్యోటో_కుర్రాడు
అన్నం బాగుంటుంది. గోంగూరే లేదు.

కళింగ_కెమిస్ట్
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్నటి దాకా జేఆర్ఎఫ్ రాకపోతే నా చదువు ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. ఇప్పుడు నేను అనుకుంటున్నది ఇది, తప్పుంటే చెప్పండి. ఉద్యోగం ఇప్పుడే మానను. నా నెట్ స్కోరు చెల్లేలోపు ఐఐటీలు, ఐసర్‌లకు దరఖాస్తు పెడతాను. గేట్ రాస్తాను, నెట్ మళ్లీ రాస్తాను, పార్ట్ ఏ వదలను. యూరప్‌కి నెలకు కొన్ని మెయిల్సే, పేపరు చదివాకే. ప్రాజెక్టు ఉద్యోగం వస్తే తార్నాక_బెంచి అన్న చెప్పిన ప్రశ్నలన్నీ అడుగుతాను.

ఒక్క సమస్య మిగిలింది. రికమెండేషన్ లెటర్లు. మా సార్లని అడిగితే "నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతాను" అంటున్నారు. విదేశాలకు ఇది చెల్లుతుందా?

ఎల్బే_ఒడ్డున
చాలాచోట్ల లెటరు వాళ్లే పోర్టల్‌లో పెట్టాలి, అదీ యూనివర్సిటీ ఈమెయిలు నుంచి. జీమెయిల్ అయితే అనుమానిస్తారు. సార్ దగ్గరికి కాగితం తీసుకెళ్లేటప్పుడు లెటరు కాదు, నువ్వు చేసిన పనుల వివరాలు తీసుకెళ్లు: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఏ రియాక్షన్ చేశావు, ఎక్కడ ఆగింది, ఎలా దాటావు, సెమినార్ ఏమిచ్చావు. అవి చేతిలో ఉంటే రాయడానికి ఆయనకీ తేలిక. "షీ ఈజ్ హార్డ్‌వర్కింగ్ అండ్ సిన్సియర్" అని నాలుగు లైన్లు ఉన్న లెటరు కంటే ఒక్క సంఘటన ఉన్న లెటరు నయం. రెండో లెటరు మీ కంపెనీలో మేనేజర్‌ని అడగొచ్చు. వెళ్లిపోతున్నావని తెలిస్తే ఇబ్బంది అనుకుంటే, బయటికి వెళ్లిపోయిన పాత టీమ్ లీడర్ అయినా సరే.

గోదారి_గట్టు
అమ్మా, మీ సార్లకి యూనివర్సిటీ ఈమెయిలు ఉన్నా వాడే అలవాటు తక్కువ. నువ్వే పక్కన కూర్చుని లాగిన్ చేయించు, పాస్‌వర్డ్ మర్చిపోయి ఉంటారు. మావాళ్ల సంగతి నాకు తెలుసు. గడువుకి నెల ముందే వెళ్లు.

రాజా_రిటర్న్స్
కంపెనీలో నోటీస్ పీరియడ్ ఎంతో ఆఫర్ లెటర్ తీసి చూసుకో. ఐఐటీ చేరే తేదీ ఇచ్చాక మూడు నెలల నోటీస్ అంటే చిక్కు. అనుభవం సర్టిఫికెట్ మీద హెచ్‌పీఎల్‌సీ పని స్పష్టంగా రాయించుకో, ఊరికే "క్యూసీ కెమిస్ట్" అని కాదు.

పాలపిట్ట_బయో
బీసీ అయితే ఇంకొకటి. మనకి మీసేవలో, సచివాలయంలో ఇచ్చే బీసీ-ఏ, బీసీ-డి సర్టిఫికెట్లు ఐఐటీలకీ, నెట్‌కీ చెల్లవు. సెంట్రల్ ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ఫార్మాట్‌లో తహసీల్దార్ ఇవ్వాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరానిది అడుగుతారు. మన బీసీ కులాల్లో కొన్ని సెంట్రల్ లిస్టులో ఉండవు, ముందు అది చూసుకో. మా మండలంలో దాని కోసం తిరగడానికే చాలా సమయం పట్టింది.

కళింగ_కెమిస్ట్
నా దగ్గర ఉన్నది బీసీ-డి సర్టిఫికెట్టే! సెంట్రల్ లిస్టులో మా కులం ఉంది, ఇప్పుడే చూశాను. సోమవారం నాకు నైట్ షిఫ్టు, పగలు తహసీల్దార్ ఆఫీసుకి వెళ్తాను.

పాలపిట్ట_బయో
నాన్నగారి ఆదాయం సర్టిఫికెట్, నీ పదో తరగతి మెమో జిరాక్సులు పట్టుకెళ్లు. ఫార్మాట్ కాగితం కూడా ప్రింటు తీసుకెళ్లు, వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు.